నీరు పల్లమెరుగు, మరి పైకి మోసేదెవరు?

వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు పదిహేడో శతాబ్దంలో ఇప్పటి బెల్జియం ప్రాంతంలో ఉండేవాడు. ఆయన బాగా ఎండబెట్టిన మట్టిని 200 పౌండ్లు తూచి ఒక కుండీలో పోసి, అందులో 5 పౌండ్ల విల్లో మొక్క నాటాడు. దుమ్ము పడకుండా కుండీకి చిల్లుల మూత బిగించాడు. ఐదేళ్లపాటు నీళ్లు పోయడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఆ తర్వాత పెరికి తూస్తే చెట్టు 169 పౌండ్లు తూగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండంటే రెండు ఔన్సులు. మన లెక్కలో దాదాపు 57 గ్రాములు. చెట్టు మొత్తం నీటితోనే తయారైందని ఆయన తేల్చేశాడు. ఆయన పోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఈ ప్రయోగం ఉంది.

గాలి సంగతి ఆయనకు తట్టలేదు. విచిత్రం ఏమిటంటే ‘గ్యాస్’ అనే మాటను పుట్టించింది ఆయనే. చెట్టు ఎండు బరువులో సగానికి దగ్గరగా ఉండే కర్బనం గాలి నుంచే వస్తుందని తేలడానికి ఇంకో నూట యాభై ఏళ్లు పట్టింది. ఈ పొరపాటును సైన్సు పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ 57 గ్రాములను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తూకంలో తేడా అనుకుని వదిలేయడం సులువే. కానీ భాస్వరం, పొటాష్, కాల్షియం, గంధకం, జింకు, ఇనుము ఇవన్నీ ఉండేది ఆ కాస్తలోనే. గాలి, నీరు ఎంత దండిగా ఉన్నా, మట్టి నుంచి రావాల్సిన ఆ చిటికెడు రాకపోతే చెట్టు ఎదుగుదల అక్కడితో సరి.

పదార్థం ప్రకృతిలో ఎలా తిరుగుతుందో చూపడానికి బడి పుస్తకాల్లో ఒక బొమ్మ ఉంటుంది. చెట్టు, ఆవు, నేల, మేఘం, వాటి మధ్య గుండ్రంగా బాణాలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దానితో వచ్చిన చిక్కల్లా బాణాలన్నీ ఒకే లావున గీయడమే. నిజంగా జరిగేది వేరు. కిందికి దిగే బాణం లావుగా ఉంటుంది, పైకి ఎక్కేది సన్నగా ఉంటుంది. కొన్ని మూలకాలకైతే ఆ పైకి ఎక్కే బాణం ఉందో లేదో వెతుక్కోవాలి. నీరు పల్లమెరుగు అంటారు కదా, నీటితోపాటు మట్టి సారం కూడా పల్లమే ఎరుగుతుంది. అది మళ్లీ మెరక పొలానికి, కొండ మీది చెట్టుకు చేరాలంటే ఎవరో ఒకరు మోయాలి.

ఆకాశం దారి ఉన్నవి

నీటికి ఆ బెంగ లేదు. సూర్యుడే మోస్తాడు. ఆవిరై పైకి వెళ్లిన నీరు సగటున తొమ్మిది పది రోజుల్లో మళ్లీ వానగా దిగుతుంది. కర్బనానికీ గాలి దారి ఉంది. కుళ్లినా, కాలినా, ఊపిరి వదిలినా అది కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తుంది, ఆకు మళ్లీ పట్టుకుంటుంది. అప్పుడప్పుడు కొంత కర్బనం ఈ తిరుగుడు నుంచి తప్పించుకుని భూమిలో కూరుకుపోతుంది. సింగరేణి గనుల్లో తవ్వుతున్న బొగ్గు అలా తప్పించుకుని పాతిక కోట్ల ఏళ్లకు పైగా కింద ఉండిపోయిన అడవే. దాన్ని గంటల్లో కాల్చేసి ఒక్కసారిగా గాలిలోకి పంపితే తిరిగి పట్టుకునే ఆకులు చాలడం లేదు. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. కర్బనం సంగతి నలుగురూ మాట్లాడుకుంటున్నదే కనుక ఇక్కడ ఇంతటితో సరిపెట్టుకోవచ్చు.

నత్రజని కథ ఇంకాస్త వంకర. గాలిలో 78 శాతం అదే. మొక్క నిలువెల్లా నత్రజనిలోనే మునిగి ఉంటుంది, అయినా నత్రజని చాలక పసుపెక్కిపోతుంది. గాలిలో రెండేసి పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడదీయడం మొక్క వల్ల కాదు. మెరుపు విడదీస్తుంది, కొంచెంగా. కొన్ని రకాల బ్యాక్టీరియా విడదీస్తాయి, చాలా ఎక్కువగా.

వరి నాటుకు ముందు పచ్చిరొట్ట ఎరువు కోసం వేసిన జీలుగను నలభై రోజులప్పుడు ఒక మొక్క వేళ్లు తెగకుండా పెరికి, నీళ్లలో జాడించి చూస్తే ఆ బ్యాక్టీరియా ఉండే ఇళ్లు కంటికే కనిపిస్తాయి. వేళ్లను పట్టుకుని ఆవగింజంత, మిరియం గింజంత బుడిపెలు ఉంటాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబి రంగు. మన రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌కు చుట్టమైన పదార్థం వల్ల వచ్చిన రంగు అది. నత్రజని పట్టు విడదీసే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అదే సమయంలో బ్యాక్టీరియా ఊపిరికి ఆక్సిజన్ కావాలి. ఆ రెండింటికీ మధ్య కొలిచి అందించే పని ఈ గులాబి పదార్థానిది. చిదిమినప్పుడు లోపల ఆకుపచ్చగానో, మట్టి రంగులోనో ఉంటే ఆ బుడిపె పని అయిపోయినట్టే. జీలుగ, జనుము, పిల్లిపెసరను పూత దశకు వచ్చేసరికి కలియదున్నమనడంలో మర్మం ఇదే. ఆ తర్వాత కాండం ముదిరి పీచు పెరుగుతుంది, పట్టిన నత్రజని గింజల్లోకి పోతుంది, మట్టిలో కుళ్లడమూ ఆలస్యమవుతుంది.

బ్యాక్టీరియా మామూలు వేడిలో చేసే పనిని ఫ్యాక్టరీలో చేయించడానికి వందల డిగ్రీల వేడి, వందల రెట్ల ఒత్తిడి కావాల్సి వచ్చింది. ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో చేసి చూపించాడు, కార్ల్ బాష్ 1913కల్లా జర్మనీలోని ఒప్పావులో కర్మాగారం నడిపించాడు. ఇవాళ ప్రపంచంలో దాదాపు సగం మంది తిండి ఈ పద్ధతి మీదే ఆధారపడి ఉందని అంచనా. 2021లో మళ్లీ తెరుచుకున్న రామగుండం ఎరువుల కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా. యూరియాలో 46 శాతం నత్రజని. అంటే ఒక్క రామగుండమే ఏటా గాలి నుంచి ఐదున్నర లక్షల టన్నులకు పైగా నత్రజనిని దించగలదు.

దించిన నత్రజని పొలంలో నిలుస్తుందా అంటే, అదీ లేదు. నిండా నీళ్లున్న వరి మడిలో మధ్యాహ్నం యూరియా చల్లితే దాని సగం కథ సాయంత్రానికే మొదలైపోతుంది. ఎండకు నీటిలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, నీటికి క్షార గుణం పెరుగుతుంది, యూరియా నుంచి వచ్చిన అమ్మోనియా గాలిలోకి లేచిపోతుంది. మిగిలిన దాంట్లో కొంత, మడి ఆరినప్పుడు నైట్రేట్‌గా మారుతుంది. మళ్లీ నీరు కట్టగానే గాలి అందని మట్టిలో వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను విరగ్గొట్టి తిరిగి నత్రజని వాయువుగా వదిలేస్తాయి. వరిలో వేసిన యూరియా సగం కూడా పంటకు అందకపోవడానికి కారణం ఇదే. డబ్బు పోయిందని రైతుకు బాధ. పదార్థం లెక్కలో చూస్తే మాత్రం అది వచ్చిన చోటికే వెళ్లింది, చక్రం పూర్తయింది. గాలిలోకి పోయిన నత్రజనిని ఏ పొలంలోనైనా, ఏ ఊరిలోనైనా, ఏ జీలుగ వేరైనా మళ్లీ పట్టుకోగలదు.

భాస్వరానికి ఆ దారి లేదు

1669లో జర్మనీలోని హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం చేద్దామని బోలెడంత మూత్రాన్ని కుళ్లబెట్టి, మరగబెట్టి, ఆఖరికి చీకట్లో మెరిసే ఒక పదార్థాన్ని రాబట్టాడు. అదే భాస్వరం. రాళ్లలో ఉండే మూలకం మనిషికి మొదట మూత్రంలో దొరికిందన్నమాట. దాని నడకంతా ఆ సంఘటనలోనే ఉంది. రాయి అరిగితే మట్టిలోకి, మట్టి నుంచి మొక్కలోకి, మొక్క నుంచి ఒంట్లోకి, ఒంట్లో నుంచి నీటిలోకి, నీటితో సముద్రంలోకి. అక్కడ అడుగున పేరుకుని మళ్లీ రాయి అవుతుంది. ఆ రాయి భూమి కదలికల వల్ల పైకి లేచి కొండ కావాలంటే కోట్ల ఏళ్లు కావాలి. గాలిలోకి లేచే వాయు రూపం భాస్వరానికి చెప్పుకోదగ్గంతగా లేదు. మేఘంలా వచ్చి కురవదు.

ఒక ఎకరం లెక్క చూడవచ్చు. 75 కిలోల బస్తాలు ముప్పై పండాయనుకుంటే ధాన్యం రెండుంపావు టన్నులు. టన్నుకు రెండు మూడు కిలోల చొప్పున గింజతో పొలం దాటే భాస్వరం ఐదారు కిలోలు. భాస్వరం, నత్రజని రెండూ ఉండే డీఏపీ ఎరువు 50 కిలోల బస్తాలో అసలు భాస్వరం సుమారు పది కిలోలు. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, ఇంకా మిగిలినట్టే. కానీ వేసిన ఏడాది పంటకు అందేది మహా అయితే పావు వంతు. మిగతాది ఎర్ర నేలల్లో ఇనుముతో, అల్యూమినియంతో, నల్లరేగడిలో సున్నంతో ముడిపడి కూర్చుంటుంది. పోలేదు, ఉంది. వేరుకు అందదు, అంతే. ఏళ్ల తరబడి డీఏపీ పడిన పొలాల్లో భాస్వరం నిల్వ పేరుకుందనీ, మోతాదు తగ్గించి దాన్ని కరిగించే బ్యాక్టీరియా వాడమనీ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉంటారు. షాపులో బస్తా దొరుకుతున్నంతకాలం ఆ మాట ఎక్కడం కష్టం.

ఆ బస్తాలోని రాయి చాలావరకు మన దేశానిది కాదు. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రాలో గనులున్నా, మన అవసరంలో ఎక్కువ భాగం ఓడల్లో రావాల్సిందే. ప్రపంచంలో తెలిసిన ఫాస్ఫేట్ నిల్వల్లో మూడింట రెండు వంతులకు పైగా మొరాకో చేతిలో ఉన్నాయి. ఎప్పుడో సముద్రం అడుగున పేరుకున్న ఆ రాయిని తవ్వి, ఓడలో తెచ్చి, కాకినాడలోనో విశాఖలోనో ఎరువు చేసి, లారీలో పొలానికి చేర్చి చల్లితే, వానకు కొట్టుకుపోయే మట్టిరేణువులతో మళ్లీ సముద్రానికే బయలుదేరుతుంది.

పట్టి ఉంచడం

ఇంత కారుతున్నా అడవి ఎరువు లేకుండా వేల ఏళ్లు ఎలా బతికిందన్న ప్రశ్న వస్తుంది. కిందికి పోయే వేగాన్ని అది తగ్గించుకుంది కాబట్టి. పడిన ఆకు మట్టి కాకముందే శిలీంధ్రాల పోగులు దాన్ని చుట్టేస్తాయి, సారాన్ని సగం దారిలోనే పట్టి వేరుకు అందిస్తాయి. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోతుంది తప్ప నేల మీద పడనివ్వరు.

ఆ చేతులు లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, హబ్బర్డ్ బ్రూక్ అనే చోట 1965-66 శీతాకాలంలో మొదలుపెట్టిన ప్రయోగంలో తెలిసింది. ఒక వాగు పరీవాహకంలోని చెట్లన్నీ నరికి, నరికినవి అక్కడే వదిలేసి, మళ్లీ మొలవకుండా మూడేళ్లు కలుపు మందు కొట్టారు. అక్కడి నుంచి ఒక్క దుంగ కూడా బయటికి తీసుకుపోలేదు. అయినా వాగు నీటిలో నైట్రేట్ నలభై రెట్లకు పైగా పెరిగింది. కుళ్లడం ఆగలేదు, తీసుకునే వేరు లేదు, అందుకని వాగు తీసుకుంది. తూర్పు కనుమల్లో పోడు చేసేవారికి ఇది కొత్త విషయం కాదు. కొట్టి కాల్చిన చోట బూడిదలో పొటాష్, సున్నం, భాస్వరం దొరుకుతాయి, నత్రజని పొగతోనే పోతుంది. రెండు మూడు పంటల తర్వాత దిగుబడి పడిపోతుంది. చోటు మార్చి, పాత చోటును చాలా ఏళ్లు పడావు వదలడమే పోడు పద్ధతికి ప్రాణం. ఆ ఏళ్లు తగ్గిపోతున్నకొద్దీ పోడు చెడ్డదన్న పేరు తెచ్చుకుంది. అందులో సగం నింద భూమి చాలకపోవడానికి చెందాల్సింది.

చేతులు మారడంలో ఒక్కరు తప్పుకున్నా చాలు, పేచీ వస్తుంది. 1788లో ఆస్ట్రేలియాకు యూరోపియన్లు పశువులను తీసుకెళ్లారు కానీ పేడపురుగులను తీసుకెళ్లలేదు. అక్కడి పేడపురుగులకు కంగారూల గట్టి పెంటికలే అలవాటు. ఆవుపేడ తడి చూసి దగ్గరికి రాలేదు. వేసిన పేడ వేసినట్టే నెలల తరబడి ఎండి అట్టలు కట్టింది, దాని కింద గడ్డి చచ్చింది, దాని నిండా ఈగలు. చివరికి ఆ దేశపు పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ, జార్జ్ బోర్నెమిస్సా చొరవతో 1960ల చివరి నుంచి ఆఫ్రికా తదితర ప్రాంతాల పేడపురుగులను తెచ్చి వదిలింది. మన దగ్గర రాత్రికి రాత్రే పేడ ఉండ కట్టి దొర్లించుకుపోయే పురుగును చూసి పిల్లలు నవ్వుకుంటారు. దేశం మొత్తం దాన్ని దిగుమతి చేసుకోవాల్సి వస్తే అది నవ్వులాట కాదు.

పైకి మోసేవాళ్లు

పట్టి ఉంచడం ఎంత బాగా సాగినా కొంత కారుతుంది. ఆ కారిన దాన్ని ఎక్కడినుంచో పూడ్చాలి. అమెజాన్ అడవికి అది ఆఫ్రికా నుంచి గాలిలో వస్తుంది. చాద్ దేశంలో ఎండిపోయిన పాత సరస్సు అడుగు అయిన బోడెలే నుంచి, మిగతా సహారా నుంచి లేచిన దుమ్ము అట్లాంటిక్ దాటి, ఏటా సగటున 2.77 కోట్ల టన్నులు అమెజాన్ మీద పడుతుందని నాసా ఉపగ్రహ కొలతలతో 2015లో లెక్కగట్టారు. అందులో భాస్వరం దాదాపు 22 వేల టన్నులు. వానలకు, వరదలకు ఆ అడవి పోగొట్టుకునేదీ ఇంచుమించు అంతే. ఎడారి దుమ్ము కొట్టకపోతే ప్రపంచంలోనే పెద్ద వానల అడవి క్రమంగా నీరసించిపోతుందన్నమాట.

అలాస్కాలో, బ్రిటిష్ కొలంబియాలో ఆ మోత సాల్మన్ చేపలది. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది వచ్చి అక్కడే చనిపోతాయి. ఎలుగుబంట్లు వాటిని గట్టు మీదికి ఈడ్చుకెళ్లి సగం తిని సగం వదిలేస్తాయి. ఏటి ఒడ్డు చెట్ల కలపలో సముద్రపు నత్రజని జాడను శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఇది చదివితే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది పులసే. సముద్రంలో ఉన్నంతసేపు ఇలస, గోదావరి ఎర్రనీటికి ఎదురీదితే పులస. పుస్తెలమ్మినా తినాలనిపించే ఆ చేప ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. పైగా సాల్మన్‌లా గుడ్లు పెట్టి చావదు, బతికితే వెనక్కి వెళ్లిపోతుంది. కాబట్టి గోదావరి గట్టు చెట్లకు దాని వల్ల ఒరిగేదేమీ లేదు. సముద్రపు భాస్వరం రాజమండ్రి వంటిళ్ల దాకా చేరుతుంది, అంతవరకే.

పక్షులు చేసే పని ఇంకా పెద్దది. పెరూ తీరంలోని చించా దీవుల్లో సముద్రపు చేపలు తిన్న పక్షుల రెట్ట వేల ఏళ్లు పేరుకుని పదుల మీటర్ల ఎత్తు దిబ్బలైంది. వాన లేని చోటు కాబట్టి కరిగిపోలేదు. 1840ల నుంచి ఓడలకెత్తి యూరప్ పొలాలకు తోలితే నలభై ఏళ్లు కూడా రాలేదు. మన దగ్గర ఇంత కొండలు లేవు కానీ, గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో, తిరుపతి జిల్లా నేలపట్టులో, శ్రీ సత్యసాయి జిల్లా వీరాపురంలో జరిగేది అదే పని. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చుట్టుపక్కల చెరువులు, కాలువలు, ఉప్పు నీళ్లు తిరిగి చేపలు పట్టి, గూళ్లున్న చెట్ల మీద పిల్లలకు తినిపిస్తాయి. చెట్టు కింది చెరువులో నెలల తరబడి రెట్ట పడుతుంది. ఆ నీటితో పారించే పొలాల రైతులకు దాని విలువ తెలుసు. వీటిని ‘సైబీరియా పక్షులు’ అని పత్రికలు ఏటా రాస్తుంటాయి. గూడబాతులకూ, ఎర్రకాళ్ల కొంగలకూ సైబీరియాతో సంబంధం లేదు, అవి దక్షిణాసియా పక్షులే. పిల్లల్ని పెంచడానికి వచ్చిన ఆడపడుచులని వీరాపురం వాళ్లు అనుకోవడమే నిజానికి దగ్గర.

ఇక మందలు. పంట కోసిన పొలంలో గొర్రెల మంద కట్టించడం ఇప్పటికీ రాయలసీమ, తెలంగాణ ఊళ్లలో చూడవచ్చు. పగలు గొర్రెలు గుట్టల మీద, బీళ్లలో, గట్ల వెంట మేస్తాయి. రాత్రికి పొలంలో దడి కట్టి దాంట్లో తోలుతారు. మర్నాడు దడి పక్కకు జరుపుతారు. ఇలా మడి మడికీ మార్చుకుంటూ పోతారు. కాపరికి డబ్బో, ధాన్యమో ముడుతుంది. పెంటికలు కళ్లకు కనిపిస్తాయి కాబట్టి బలమంతా వాటిలోనే అనుకుంటాం. నిజానికి నత్రజని, పొటాష్ ఎక్కువగా ఉండేది మూత్రంలో. దొడ్లో కట్టేసిన పశువు మూత్రం చాలావరకు అక్కడే ఇంకిపోతుంది, బండికెక్కి పొలం చేరేది పేడ, చెత్తా మాత్రమే. మంద కట్టించినప్పుడు మూత్రం నేరుగా దుక్కిలో ఇంకుతుంది. బండెడు పెంట కన్నా ఒక రాత్రి మంద మేలని పెద్దలనేది ఊరికే కాదు. ఇందులో ఇంకో కోణం కూడా ఉంది. ఆ సారం ఆకాశం నుంచి ఊడిపడలేదు. గుట్ట నుంచి, ఊరుమ్మడి బీడు నుంచి వచ్చింది. పొలానికి లాభమైనంతా గుట్టకు తరుగే. గుట్టకు తిరిగి ఎవరూ మోయరు.

అన్నిటికన్నా నేరుగా పైకి మోసే పని చెరువు మట్టి తోలడం. వానకు పొలాల మీంచి జారిన సన్న మన్ను, ఆకు, పేడ, బూడిద అన్నీ చేరేది ఊరి కింది చెరువులోకే. ఎండాకాలంలో నీరు తగ్గాక చెరువులోకి దిగి చూస్తే నీరు ఎలా నడిచిందో మట్టే చెబుతుంది. వాగు చెరువులో కలిసే చోట ఇసుక, గరుకు మన్ను ఉంటుంది. ప్రవాహం నెమ్మదించేకొద్దీ బరువైనవి ముందే ఆగిపోతాయి. కట్ట వైపు నడిచేకొద్దీ మట్టి సన్నబడి, నల్లబడి, ఎండకు పెద్ద పెద్ద పలకలుగా బీటలు వారి ఉంటుంది. రైతు ఏరుకునేది ఈ నల్ల మట్టినే. భాస్వరం, పొటాష్ అంటిపెట్టుకుని ఉండేది బంకరేణువులకు, కుళ్లిన ఆకు అలములకు. చెలకల్లో లోటు సరిగ్గా ఆ రెండింటిదే. ఎరువు పెట్టినా నిలవదు, వాన పడినా నాలుగు రోజులకే ఆరిపోతుంది. అలాంటి చెలకలో ఒకసారి చెరువు మట్టి పడితే దాని గుణం కొన్నేళ్లు ఉంటుంది, ఏటా తోలక్కర్లేదు. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలని పెట్టుకున్నప్పుడు ఆ మట్టిని పొలాలకు తోలుకోమని రైతులకు చెప్పడం వెనక కాకతీయుల కాలం నాటి కంటే పాతదైన తెలివి ఉంది. అయితే ప్రతి చెరువు మట్టీ మంచిదే కాదు. చవుడు తేలినవి ఉంటాయి, పట్నం పక్కన మురుగూ ఫ్యాక్టరీ నీళ్లూ తాగినవి ఉంటాయి. అలాంటి చోట పరీక్ష చేయించకుండా తోలితే పొలానికి తెగులు తెచ్చుకున్నట్టే.

చిన్న చెరువులో పడ్డ మట్టిని ట్రాక్టరుతో ఎత్తవచ్చు. తుంగభద్రలో పడ్డదాన్ని ఎవరెత్తుతారు? ఆ జలాశయం కట్టినప్పుడు నిల్వ దాదాపు 133 టీఎంసీలు, ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటున్నది 105 చిల్లర. నాగార్జునసాగర్ 408 టీఎంసీల నుంచి 312కి వచ్చింది. తగ్గిన మేరకు అడుగున ఉన్నది మహారాష్ట్ర, కర్ణాటక, తెలుగు రాష్ట్రాల పొలాల పైపొర. మనం దాన్ని నీటి నిల్వ తగ్గిందనే కోణంలోనే చూస్తాం. కింద డెల్టాకు ఏటా వరదతో రావాల్సిన ఒండ్రు అది. ఒండ్రు తగ్గేసరికి డెల్టాల అంచును సముద్రం కోస్తోంది.

లారీ ఎక్కిన భాస్వరం

గింజతో పొలం దాటిన ఆ ఐదారు కిలోలు ఎక్కడికి పోతున్నాయో కూడా చూడాలి. ధాన్యం మిల్లుకు చేరాక భాస్వరంలో పెద్ద వాటా తవుడులోకి వెళ్తుంది. పాలిష్ పట్టిన తెల్లన్నంలో మిగిలేది తక్కువ. నూనె తీసిన తవుడు కైకలూరు, ఆకివీడు, భీమవరం చేపల చెరువులకు మేతగా పోతుంది. తవుడులోని భాస్వరం ఎక్కువగా ఫైటేట్ రూపంలో ఉంటుంది, చేప కడుపు దాన్ని అరిగించుకోలేదు. తిన్నది తిన్నట్టే నీళ్లలోకి వదులుతుంది. నీరు పచ్చబడుతుంది, పచ్చదనం కొంతవరకు మేతే కాబట్టి రైతు సంతోషిస్తాడు, మరీ ముదిరితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలతాయేమోనని టెన్షన్ పడతాడు. ఒంట పట్టిన కొంత భాస్వరం ఐసు పెట్టెల్లో కోల్‌కతా, అస్సాం వెళ్తుంది. మిగిలింది చెరువు అడుగు బురదలో ఉంటుంది, లేదంటే మురుగు కాలువ పట్టి కొల్లేరు, ఉప్పుటేరు మీదుగా సముద్రం చేరుతుంది. గుర్రపుడెక్క కాలువలను ఎందుకంత కమ్మేస్తోందని ఆశ్చర్యపోనక్కర్లేదు. మనం ఎత్తకుండా వదిలిన సారాన్ని అది ఎత్తుకుంటోంది. దాన్ని లాగి గట్టునే పడేస్తారు, కుళ్లుతుంది, వాన వస్తుంది, సారం మళ్లీ కాలువలోనే.

బియ్యం, పప్పు, పాలు, గుడ్లు ఇవన్నీ కలిసి నగరానికి తెచ్చేది ఇంకా ఎక్కువ. ఒక మనిషి ఒంట్లోంచి ఏడాదికి మూడో వంతు కిలో నుంచి అర కిలో దాకా భాస్వరం బయటికి పోతుంది, అందులో సగానికి పైగా మూత్రంలోనే. హైదరాబాద్‌ను కోటి మంది ఊరు అనుకుంటే ఏటా మూడు నుంచి ఐదు వేల టన్నులు. డీఏపీ బస్తాల్లో చెప్పాలంటే మూడు నుంచి ఐదు లక్షల బస్తాలు. పాతకాలంలో ఊరి పెరట్లో, పెంటదిబ్బలో, తుప్పల్లో పడి ఏదో ఒక పొలానికి చేరిన పదార్థం ఇప్పుడు పైపులో పడి మూసీకి చేరుతోంది. మురుగు శుద్ధి కేంద్రాలు నీటిని తేరుస్తాయి, దుర్గంధం తగ్గిస్తాయి. భాస్వరాన్ని పట్టడం మామూలుగా వాటికి అప్పగించిన పని కాదు, కొంత బురదలో చిక్కుతుంది, మిగతాది నీటితో వెళ్లిపోతుంది.

మొత్తం వృథా అవుతుందనీ అనలేం. ఉప్పల్ దాటాక మూసీ వెంబడి ఆ నీటితోనే పశుగ్రాసం పెంచుతున్నారు. ఆ గడ్డి కోసి నగరంలోని గేదెల దొడ్లకు అమ్ముతారు, ఆ పాలు మళ్లీ నగరానికే. ఇంకా దిగువన అదే నీటితో వరి పండుతోంది. ఎవరూ ప్లాను గీయకుండా, ఎవరూ పేరు పెట్టకుండా తయారైన చక్రం ఇది. దాంట్లో భాస్వరం, నత్రజనితోపాటు ఫ్యాక్టరీల లోహాలు కూడా తిరుగుతున్నాయన్నది దాని శాపం. సారాన్నీ విషాన్నీ ఒకే పైపులో పోశాక ఒకదాన్ని తీసుకుని ఇంకోదాన్ని వదలడం గడ్డికి చేతకాదు.

వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు తోడేది నాగార్జునసాగర్ జలాశయం నుంచి. వాడపల్లి ఉన్నది సాగర్ ఆనకట్టకు దిగువన. కాబట్టి నగరం వదిలినది సాగర్‌కు తిరిగి రాదు. పులిచింతల దాటి ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది. అక్కడ కాలువల్లోకి మళ్లినది డెల్టా వరి మళ్లలోకి, మిగతాది హంసలదీవి వైపు. ఆ మళ్లలో పండిన ధాన్యం బియ్యమై, లారీ ఎక్కి, మళ్లీ హైదరాబాద్ వస్తుంది.